తెనాలి బంతి ముందు, డల్లాస్ బంతి తర్వాత

2024 టీ20 వరల్డ్ కప్ ఫైనల్ నేను చూళ్ళేదు. చదివాను.

జూన్ 29, శనివారం. గుంటూరులో ఓ ఆస్పత్రి ల్యాబ్‌లో నాకు నైట్ డ్యూటీ. అక్కడ టీవీ లేదు. ఫోన్లో వీడియో పెడితే గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. చేతులకేమో గ్లవ్స్. అందుకే నా దారి వేరు. మా ఇంటోళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటి, ఎక్స్ ఒకటి. నాకింకా అది ట్విట్టరే అనుకోండి. శాంపిల్స్ సెంట్రిఫ్యూజ్‌లో, అంటే వాటిని గిర్రున తిప్పే మెషీన్లో, పెట్టి మూతేస్తే పది నిమిషాలు నావి. గ్లవ్స్ తీసి, ఆ పది నిమిషాల్లో ఎంత మ్యాచ్ నడిస్తే అంత.

గ్రూపులో ఇద్దరే కామెంటేటర్లు. తెనాలి బాబాయ్‌కి కేబుల్. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడికి ఆన్‌లైన్. కేబుల్ ముందు, ఆన్‌లైన్ వెనక. బాబాయ్ "పోయాడు" అని పెట్టేసరికి, తమ్ముడి టీవీలో బౌలర్ ఇంకా బంతిని ప్యాంటుకి రుద్దుతూ ఉంటాడు. "బాబాయ్, నీకు దణ్ణం పెడతా, కాసేపు ఫోన్ అవతల పెట్టు" అని వాడి ఏడుపు. నాకు మాత్రం ఇద్దరూ కావాలి. ఎందుకంటే బాబాయ్ ఏం జరిగిందో చెప్పడు, తనకేమనిపించిందో చెప్తాడు. "ఛీ" అంటాడు. ఎవర్ని ఛీ? ఎందుకు ఛీ? అది తేలాలంటే డల్లాస్‌లో బంతి పడాలి. "మన అక్షర్‌ని సిక్స్ కొట్టాడక్కా" అని వాడు చెప్పేదాకా ఆ అర నిమిషం నా తలలో ఎన్ని మ్యాచ్‌లు నడుస్తాయో.

15వ ఓవర్లో బాబాయ్ నుంచి ఒక ఛీ, ఇంకో ఛీ, ఆ తర్వాత ఒట్టి చుక్క. స్కోరు తీసి చూస్తే ఆ ఓవర్లో 24 పరుగులు. ఇక దక్షిణాఫ్రికాకి కావాల్సింది 30 బంతుల్లో 30. వాళ్ళ బ్యాటర్ క్లాసెన్ క్రీజులోనే ఉన్నాడు. సెంట్రిఫ్యూజ్ ఆగింది. ట్యూబులు తీసి ర్యాకులో పెడుతుంటే చెయ్యి వణికింది, అబద్ధమెందుకు.

బుమ్రా వచ్చి నాలుగే ఇచ్చాడు. 24 బంతుల్లో 26. ఆ తర్వాత ఎవరూ మాట్లాడరే! తెనాలి లేదు, డల్లాస్ లేదు. అయిపోయిందేమో, చెప్పడానికి నోరు రాక ఊరుకున్నారేమో అనుకున్నా. చివరికి ట్విట్టర్‌లో ఎవరో ఫోటో పెట్టారు. మన కీపర్ పంత్ నేల మీద కూర్చుని మోకాలికి పట్టీ వేయించుకుంటున్నాడు. ఓహో, ఆటే ఆగిందన్నమాట. కొన్ని నెలల తర్వాత రోహిత్ శర్మ ఓ టీవీ షోలో చెప్పాడు, వాళ్ళ జోరు తగ్గించడానికి పంత్ తెలివిగా వేసిన ఎత్తు అది అని. వాళ్ళ ఊపు ఆగిందో లేదో గానీ, ఇక్కడ నా ఊపిరి ఆగింది. ఆట మొదలైన మొదటి బంతికే క్లాసెన్ ఔట్. బాబాయ్ మెసేజ్: "అమ్మాయ్!!!"

"చూడకుండా మజా ఏంటే?" అంటారు మా ఆయన. ఆయనకి నేను చెప్పే జవాబు జ్యోతి యర్రాజీ.

2023 అక్టోబర్ 1, ఆదివారం. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. ఆ సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నా, టీవీ కూడా ఉంది, కాకపోతే అత్తయ్య సినిమా చూస్తున్నారు. వంటింట్లో దొండకాయలు తరుగుతూ ఫోన్ చూస్తే, చైనా అమ్మాయి వూ యాన్నీ తుపాకీ పేలకముందే కదిలిందని, పక్క లేన్లో మన విశాఖ పిల్ల జ్యోతిని కూడా బయటికి పొమ్మన్నారని! నాలుగు కాయలు తరిగేలోపు ఇద్దర్నీ పరిగెత్తనిచ్చారని తెలిసింది. ఇంకాసేపటికి జ్యోతి మూడో స్థానం, 12.91 సెకన్లు, కాంస్యం. సరే, బాగానే ఉందిలే అనుకుని పోపు వేశాను. కూర మగ్గుతుండగా వూ యాన్నీని తీసేశారు, జ్యోతికి రజతం. అప్పటిదాకా ఆ పిల్ల పేరు కూడా ఎరగనివాళ్ళు రూలు పుస్తకం ఫోటోలు తీసిపెట్టి, ఎవరు ముందు కదిలారో ఫ్రేము ఫ్రేముగా కొట్లాడుకున్నారు. నా వంటిల్లు ఆ గంటసేపు అప్పీళ్ళ కోర్టయింది. కూర కొంచెం అడుగంటింది. అత్తయ్య ఏమనలేదు.

ట్విట్టర్‌లో బురద లేదని కాదు. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో వన్డే వరల్డ్ కప్ ఫైనల్ మనం ఓడిపోయాక, 137 కొట్టిన ఆస్ట్రేలియా బ్యాటర్ ట్రావిస్ హెడ్ మీద కోపంతో అతని భార్యనీ, ఏడాది పిల్లనీ కూడా తిట్టిపోశారు. ఆ రాత్రి ఫోన్ బీరువాలో పెట్టి పడుకున్నా.

మళ్ళీ ఆ శనివారం రాత్రికొస్తే, ఆఖరి ఓవర్. దక్షిణాఫ్రికాకి 16 పరుగులు కావాలి. రిపోర్టులు ఇవ్వడానికి వార్డు వైపు వెళ్తుంటే, వరండాలో చాప మీద నరసరావుపేట నుంచి వచ్చిన పెద్దాయన లేచి కూర్చుని ఉన్నాడు. కొడుక్కి డెంగ్యూ, ప్లేట్‌లెట్ల రిపోర్టు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆయన చేతిలో బటన్ ఫోన్.

"స్కోరెంతమ్మా?"

నిలబడి చదవడం మొదలుపెట్టా. "మిల్లర్ కొట్టాడు" అని బాబాయ్. ఆ వెంటనే "సూర్యా!!!!" అని.

"సూర్యకేమైంది?" అన్నాడు పెద్దాయన. నాకేం తెలుసు, డల్లాస్ ఇంకా రాలేదు. ఇద్దరం ఆ చిన్న తెరకేసి చూస్తూ ఉన్నాం. వచ్చింది. "బౌండరీ దగ్గర పట్టేశాడక్కా! మిల్లర్ ఔట్!"

తర్వాతి బంతికి రబాడా ఫోర్. మిగిలినవీ గొంతు తగ్గించి చదివా, ఐసీయూ పక్కనే మరి. ఏడు పరుగులతో గెలిచాం. రోడ్డు మీద టపాకాయలు మొదలయ్యాయి.

"ఆ క్యాచ్ ఎట్టా పట్టాడమ్మా?" అని అడిగాడాయన.

"గీత దాటబోయి బంతిని పైకెగరేసి, మళ్ళీ లోపలికొచ్చి పట్టాడంట పెద్దాయనా."

"అబ్బో" అని, ఆ క్యాచ్ కళ్ళారా చూసినట్టు తలూపాడు. నేనూ ఊపాను. అప్పుడు చేతిలో రిపోర్టు గుర్తొచ్చింది. "మీవాడికి ప్లేట్‌లెట్లు పెరిగాయి, 62 వేలు" అన్నా.