అటక మీది రేడియో

నిన్న చిక్కడపల్లి ఇంట్లో అటక సర్దుతుంటే నాన్నగారి షార్ట్‌వేవ్ రేడియో బయటపడింది. ముల్లు ఇంకా 31 మీటర్ల బ్యాండు దగ్గరే ఆగి ఉంది. కిటికీ ఊచకు రాగితీగ చుట్టి, గరగరల మధ్య ఆయన బీబీసీ హిందీ వార్తలు వినేవారు. 1940లో, యుద్ధకాలంలో హిందుస్తానీ పేరుతో మొదలైన ఆ ప్రసారాలకు 2014 దాకా దశాబ్దాల పాటు ఖర్చు భరించింది బ్రిటిష్ విదేశాంగ శాఖేనని చదివి నేను ఎగతాళి చేస్తే, "డబ్బు ఎవరిదైనా, ఎమర్జెన్సీలో మనకు వార్త చెప్పింది వాళ్లేరా" అన్నారు. ఆ ఖర్చుతో కొన్నది సరిగ్గా ఈ నమ్మకాన్నేనని నాకు అప్పుడు తట్టలేదు. బ్రిటన్ ప్రభుత్వ అదనపు నిధులతోనే 2017 అక్టోబరు 2న అదే సంస్థ తెలుగులోనూ మొదలైంది, అదీ నేరుగా ఫోన్లలోకి. హిందీ షార్ట్‌వేవ్ ప్రసారం 2020 జనవరి 31న ఆగిపోయింది. కొత్త బ్యాటరీలు వేసి చూశాను, గరగర మాత్రం వచ్చింది.