రుషికొండలో నేర్చుకుని హ్యావ్‌లాక్ పగడాల దాకా: స్కూబా కోర్సు, నా అనుభవం

వైజాగ్‌లో స్కూబా అనగానే చాలామందికి తెలిసింది రుషికొండలో ఇన్‌స్ట్రక్టర్ సిలిండర్ పట్టుకుని కాసేపు తిప్పి, ఫొటోలు తీసి పైకి తెచ్చే డైవే. ఈత రాకపోయినా అది చేయొచ్చు. అండమాన్ పగడపు దిబ్బల మీద ఒకరి చెయ్యి పట్టుకోకుండా దిగాలంటే మాత్రం ఓపెన్ వాటర్ కోర్సు చేయాలి. దాంతో 18 మీటర్ల లోతు దాకా వెళ్లొచ్చు. కోర్సు ఇక్కడే చేసి అండమాన్‌లోని హ్యావ్‌లాక్ ద్వీపానికి (ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్) వెళ్లాను. నా మటుకు అదే సరైన వరస.

ముందు కాగితం పని. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే డాక్టర్ సంతకం లేనిదే నీళ్లలోకి దిగనివ్వరు. అది వారం ముందే చూసుకోండి. ఈత పరీక్షకు కంగారు పడక్కర్లేదు: ఆగకుండా 200 మీటర్లు, ఎంతసేపైనా పట్టొచ్చు, తర్వాత 10 నిమిషాలు తేలుతూ ఉండాలి.

పూల్ దగ్గర మొదటి పాఠం సామాను బిగించడం. బీసీడీ అనే గాలి జాకెట్ పట్టీని తడిపి సిలిండర్‌కు బిగించాలి. పొడిగా బిగిస్తే నీళ్లలో నాని సాగుతుంది, సిలిండర్ జారుతుంది. వాల్వ్ మూతి దగ్గరి ఓ-రింగ్ రబ్బరును వేలితో తడిమి చూడండి. అది చిట్లినా, ఇసుక రేణువు అంటుకున్నా గాలి బుస్సుమని పోతుంది. నోటికి గాలి అందించే రెగ్యులేటర్ బిగించాక వాల్వ్ మెల్లగా, పూర్తిగా తెరవాలి. సిలిండర్‌లో గాలి పీడనం చూపే గేజ్ 200 బార్ దగ్గర ఉందని చూసి ఊరుకోవద్దు. ముల్లు మీద కన్నుంచి నాలుగైదుసార్లు గాలి పీల్చండి. పీల్చినప్పుడల్లా ముల్లు పడి లేస్తుంటే వాల్వ్ కొంచెమే తెరిచినట్టు. ఒడ్డున గాలి బాగానే వస్తుంది, లోతుకు పోయాక చాలదు. 10 మీటర్ల దగ్గర పీడనం రెండింతలు కాబట్టి ఒక్కో ఊపిరికి పట్టే గాలీ రెండింతలే.

ఎక్కువమంది ఆగిపోయేది చెవుల దగ్గర. చెవుల్లో పీడనం సరిచేయడానికి ముక్కు మూసి మెల్లగా ఊదాలి, అది నొప్పి పుట్టాక చేసే పని కాదు. తల మునగ్గానే మొదలుపెట్టి అర మీటరుకోసారి చేయాలి. దిబ్బడ విడవకపోతే మీటరు పైకి లేచి మళ్లీ ఊదండి. బలవంతంగా ఊదితే కర్ణభేరికే ప్రమాదం. పడిశం పట్టిన రోజు దిగొద్దు. మాత్ర వేసుకుని దిగితే దాని పనితనం నీళ్లలో ఉండగానే తగ్గొచ్చు, అప్పుడు పైకొచ్చేటప్పుడు చెవిలో గాలి ఇరుక్కుంటుంది.

మాస్క్ తీసి పెట్టుకునే పాఠంలో బెదిరిపోయేవాళ్లు ఇంట్లోనే సాధన చేయొచ్చు: స్నోర్కెల్ అనే గొట్టం నోట్లో పెట్టుకుని, మాస్క్ లేకుండా బకెట్ నీళ్లలో మొహం ముంచి, నోటితో పీల్చి ముక్కుతో వదలడం. కొత్త మాస్క్ అద్దానికి లోపల సన్నటి పొర ఉంటుంది, మామూలు తెల్ల టూత్‌పేస్ట్‌తో రుద్ది కడిగితేనే మసక పోతుంది.

అసలు విద్యంతా నడుముకు కట్టే బరువుల్లో ఉంది. పూల్‌లో సరిపోయిన బరువు ఉప్పునీటిలో చాలదు, సుమారు 2 కిలోలు పెంచాలి. సరిపోయిందా అని చూడటం తేలికే: జాకెట్ ఖాళీ చేసి, నిటారుగా నిలిచి, మామూలు ఊపిరి బిగబడితే నీటిమట్టం కళ్ల దగ్గర ఉండాలి, ఊపిరి వదిలితే మునగాలి. నిండు సిలిండర్‌తో చూస్తే ఇంకో 2 కిలోలు కలపండి, డైవ్ చివరికి అంత బరువు గాలి ఖర్చవుతుంది. మునగడం లేదని కొందరు ఇన్‌స్ట్రక్టర్లు నాలుగు బరువు ముక్కలు అదనంగా తగిలిస్తారు. ఆ బరువును మోయడానికి జాకెట్‌లో గాలి నింపాలి, లోతు మారినప్పుడల్లా ఆ గాలి కుంచించుకుని, వ్యాకోచిస్తుంది. ఇక మనిషి ఒకచోట నిలవడు.

రుషికొండలో ఉన్నవి రాళ్లు, అండమాన్ తరహా పగడపు దిబ్బ కాదు. అల్పపీడనం వచ్చి వెళ్లాక నీళ్లు బురదగా ఉండి చాచిన చెయ్యి కనిపించడమే కష్టం, ఆ రోజు రద్దు చేస్తే గొడవ పెట్టుకోవద్దు. మార్చి, ఏప్రిల్‌లో తీరం దగ్గర అడుగు నీళ్లు పైకి తేలుతాయి. పైన ఎండ మండుతున్నా లోపల వణికిస్తుంది, చలి ఆపే డైవింగ్ సూట్ అడగండి. ఈ మసకలో గేజ్‌నూ పక్కవాడినీ చూసుకోవడం అలవాటైతే, హ్యావ్‌లాక్ తేటనీళ్లలో కళ్లు చేపల మీదకు పోయినా చెయ్యి గేజ్ మీదకు అదే వెళ్తుంది.

అక్కడ దెబ్బ తగిలేది మనకు కాదు, పగడానికి. కొమ్మలున్న పగడం కాలికి తొడిగే ఫిన్ కొస తగిలినా పుటుక్కున విరుగుతుంది. బండలాంటివి ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతాయి. కాళ్లు పైకీ కిందికీ కాకుండా పక్కలకు, కప్పలా తన్నండి. ఇసుక లేచి పగడం మీద పడినా అది ఉక్కిరిబిక్కిరవుతుంది. వేలాడే గేజ్‌ను జాకెట్‌కు తగిలించండి. విరిగిపడిన ముక్కైనా జేబులో వేసుకోవద్దు, గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి.

పైకి నిమిషానికి 9 మీటర్లు మించకుండా, ఊపిరి బిగబట్టకుండా రావాలి. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి, ఒడ్డుకు చేరేసరికి 50 బార్ మిగలాలి.

లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవాలి కాబట్టి, విమానం ఎక్కడానికి ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, వరస డైవ్‌ల తర్వాత 18 గంటలు ఆగాలి. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) నుంచి ఓడలో వైజాగ్ వచ్చేవాళ్లకు ఈ లెక్క లేదు. కానీ రుషికొండలో పొద్దున డైవ్ చేసి మధ్యాహ్నం అరకు బయల్దేరేవాళ్లకు ఉంది. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, ఘాట్ రోడ్డు ఇంకా పైకెక్కి దిగుతుంది. అంత ఎత్తుకు ఎక్కినా విమానం నియమమే వర్తిస్తుంది. అరకు ముందు చూసేసి, డైవ్ తర్వాత పెట్టుకోండి.