లైట్‌హౌస్ దాకా దారంతో

ఒడ్డుకి లాగిపెట్టిన మూడు పడవలు, వాటి వెనక రాతిమెట్లు, మెట్ల పైన తెలుపూ ఎరుపూ పట్టీల లైట్‌హౌస్. మొన్నటి ప్రయాణానికి గుర్తుగా మిషన్ మీద కుట్టిన బొమ్మలో ఉన్నవి ఇవే. సైజు ఎ5 కాగితమంత. ఎలా చేశావని అడిగినవాళ్ళకి ఫోన్లో చెప్పడం కష్టంగా ఉంది, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

దీన్ని ఫ్రీ మోషన్ ఎంబ్రాయిడరీ అంటారు. దీనికోసం ప్రత్యేకంగా మిషన్ కొనక్కర్లేదు. మామూలుగా కుట్టేటప్పుడు ఫుట్ కింద ఉండే పళ్ళు గుడ్డని వెనక్కి లాగుతుంటాయి. వాటిని కిందికి దించేస్తే గుడ్డ పూర్తిగా మన చేతుల్లోకి వస్తుంది. సూది ఉన్నచోటే ఆడుతుంది, గుడ్డని మనమే ఎటు కావాలంటే అటు కదుపుతాం. పెన్నుని కదలకుండా పట్టుకుని, కింద కాగితాన్ని తిప్పుతూ బొమ్మ వేసినట్టు ఉంటుంది. కుట్టు పొడవు కూడా మన చేతి వేగాన్ని బట్టే వస్తుంది.

ఫోటోలో ఉన్నదంతా కుట్టాలని చూడకండి. నా ఫోటోలో కరెంటు తీగలు, ఒక బోర్డు, గొడుగులు, బోలెడంత జనం ఉన్నారు. వాటిలో ఏదీ గుడ్డమీదికి రాలేదు. ఫోటోని ప్రింట్ తీసి, పగటి వెలుతురులో కిటికీ అద్దానికి అంటించి, దానిమీద పల్చటి కాటన్ గుడ్డ పెట్టి పెన్సిల్‌తో ముఖ్యమైన గీతలు మాత్రం ఎత్తుకున్నాను. వేడికి మాయమయ్యే పెన్నులు చాలామంది వాడతారు. ఇస్త్రీ తగలగానే గీత పోతుంది కానీ, బాగా చలి తగిలితే మళ్ళీ కనబడొచ్చు. ఏళ్ళ తరబడి గోడమీద ఉండాల్సిన బొమ్మకి నేనైతే పెన్సిలే వాడతాను.

అన్నిటికన్నా ఎక్కువసేపు ఆలోచించింది సూది వెళ్ళే దారి గురించి. గీత పూర్తయిన ప్రతిచోటా దారం తెంపి మళ్ళీ మొదలుపెడితే వెనకంతా ముడులే. అందుకే కుదిరినంతవరకూ ఒకే దారంతో, ఆపకుండా పోవాలి. కాగితం మీద బాణం గుర్తులు వేసుకుంటూ కూర్చుంటే, ఆ సాయంత్రం నేను నడిచిన వరసే కుట్టుకీ సరిపోయింది. ముందు పడవల దగ్గర నిలబడ్డాను, తర్వాత మెట్లెక్కాను, చివర్న లైట్‌హౌస్. సూదీ అంతే. ఎడమ పడవ ముక్కు దగ్గర మొదలై, అంచు వెంబడి వచ్చి, తాడు మీదుగా రెండో పడవలోకి, అక్కడి నుంచి మూడోదానిలోకి. తర్వాత ఒడ్డు గీత. ఆపైన మెట్లు అడ్డంగా, నిలువుగా మలుపులు తిరుగుతూ వాటంతట అవే పైకి తీసుకెళతాయి. దారి మూసుకుపోయిన చోట వచ్చిన గీత మీదే వెనక్కి రావాలి. అలా రెండుసార్లు కుట్టిన గీత ముదురుగా కనిపిస్తుంది కాబట్టి తిరుగు దారిని నీడ పడే వైపే పెట్టుకున్నాను. లైట్‌హౌస్ కుడి అంచు లావుగా ఉన్నది అందుకే.

గీతలకి నలుపు వద్దు, బూడిద కలిసిన గోధుమరంగు దారం తీసుకోండి. నలుపైతే గీత ఒక్కటే కళ్ళకి కొడుతుంది. పైన 40 నంబర్ పాలియెస్టర్ దారం, బాబిన్‌లో, అంటే అడుగు దారం చుట్టే చిన్న కండెలో, సన్నటి 60 నంబరు, సూది 90/14. పై దారం టెన్షన్ (బిగువు) కాస్త తగ్గిస్తే బాబిన్ దారం పైకి తొంగిచూడదు. గుడ్డ కింద స్టెబిలైజర్ పెట్టాను, అంటే గుడ్డకి దన్నుగా ఉండి, కుట్టాక చింపి తీసేసే కాగితం లాంటిది, లేకపోతే దట్టంగా కుట్టినచోట గుడ్డ ముడుచుకుంటుంది. గుడ్డని బిగించి పట్టే రింగుని చేతికుట్టుకి పెట్టే పద్ధతికి తిరగేసి, గుడ్డ మిషన్ బల్లకి ఆనేలా బిగించాలి. లోపలి రింగుకి కాటన్ టేపు చుడితే గుడ్డ జారదు.

ఈ కుట్టుకి మామూలు ఫుట్ బదులు పెట్టే డార్నింగ్ ఫుట్ గుడ్డని నొక్కదు, కాస్త పైనే ఆడుతుంటుంది. దాంతో దాని లివర్ దించామో లేదో చూడగానే తెలియదు. లివర్ పైనే ఉంటే దారానికి టెన్షన్ పడదు, అడుగున దారం ఉండలు కడుతుంది. కుట్టే ముందు ఒకసారి చేత్తో చక్రం తిప్పి, బాబిన్ దారాన్ని పైకి లాగి, రెండు కొసలూ పట్టుకుని మొదలుపెట్టండి. పెడల్ నిలకడగా, చేతులు నెమ్మదిగా. చెయ్యి మార్చుకోవాలంటే సూది గుడ్డలో దిగి ఉండగానే ఆపాలి. సూది దిగి ఉన్నప్పుడు గుడ్డని గుంజితే అది వంగి ప్లేటుకి తగిలి విరుగుతుంది.

రంగులు దారంతో నింపలేదు. ఫ్యూజింగ్ పేపర్ (వేడికి కరిగి అతుక్కునే జిగురు కాగితం) అంటించిన గుడ్డముక్కల్ని గీతలు కుట్టే ముందే ఇస్త్రీతో అతికించాను. మధ్య పడవ నాకు బాగా ఇష్టం. దాని ముక్కు దగ్గర నీలంరంగు పెచ్చులూడి, అడుగున ఎప్పుడో వేసిన ఆకుపచ్చ కనబడుతోంది. అందుకని ముందు ఆకుపచ్చ ముక్క అతికించి, నీలం ముక్కలో చిన్న చిన్న పెచ్చుల ఆకారాలు కత్తిరించి తీసేసి, దానిమీద అతికించాను. అంచులు మడవలేదు, ఒకట్రెండు పోగులు బయటికి వస్తే రానిచ్చాను. ఆకాశం ఖాళీ గుడ్డే. సముద్రానికి మూడు గీతలు చాలనిపించింది.

పడవల మధ్య తాడు మాత్రం మామూలు దారంతో పీలగా ఉంది. అసలు తాడు తడిసి, బరువుగా, మధ్యలో కుంగి వేలాడుతోంది. దానికి క్రోషే దారాన్ని చేత్తో బాబిన్‌కి చుట్టాను. బాబిన్ కూర్చునే కేసు ఇంకోటి విడిగా కొనిపెట్టుకున్నాను, దాని స్క్రూ వదులు చేసి అందులో పెట్టి, గుడ్డ తిరగేసి కుట్టాను. పైన గీత ముందే ఉంది కాబట్టి వెనకవైపు దారి కనబడుతూనే ఉంటుంది. సూదిలో పట్టని ఆ లావు దారం అడుగున, అంటే బొమ్మ ముఖం వైపు, తాడులాగే పరుచుకుంది. వేలు పెడితే తగులుతుంది. బొమ్మ మొత్తంలో నాకు సంతృప్తి ఇచ్చిన చోటు ఇదే.

ఇంతకన్నా నున్నగా కావాలంటే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లు ఉన్నాయి. గీత ఎక్కడా వణకదు. నాకు మాత్రం మెట్ల దగ్గర గీత కాస్త వంకర పోయిన ఈ బొమ్మే కావాలి, ఆ మెట్లూ ఒక్కటీ సమంగా లేవు.

లాంచీ టికెట్టు కూడా కింది మూల కుట్టాను. అలాంటి టికెట్లు చాలావరకు వేడికి నల్లబడే కాగితమే, కాబట్టి ఇస్త్రీ పనంతా అయ్యాకే కుట్టాలి. కుట్లు పొడుగ్గా, కొద్దిగా ఉండాలి. దగ్గరదగ్గరగా చిల్లులు పడితే కాగితం ఆ గీత వెంట చిరిగిపోతుంది.

తేదీ కుట్టాలా వద్దా అని చాలాసేపు చూశాను. ఏ లైట్‌హౌస్‌దో నావికులు గుర్తుపట్టడానికి వీలుగా దాని దీపానికి ఒక లయ ఉంటుంది. ఇన్నిసార్లు మెరిసి, ఇన్ని సెకన్లు ఆగడం. మేం చూసినది రెండుసార్లు మెరిసి ఆగేది. తేదీ బదులు బొమ్మ చుట్టూ అంచులో ఆ లయనే చేత్తో కుట్టాను, రెండు పసుపు చుక్కలు, ఖాళీ, మళ్ళీ రెండు చుక్కలు.

టికెట్టు కుట్టకముందే బొమ్మని టవల్ మీద బోర్లా వేసి వెనకనుంచి ఇస్త్రీ చేశాను, పైనుంచి చేస్తే తాడు అణిగిపోతుంది. అన్నీ అయ్యాక ఆమ్లం లేని అట్ట మీద పరిచి, వెనక అంచుల్ని ఇటూ అటూ దారంతో లాగి కట్టాను. జిగురు వాడలేదు. ఫ్రేములో అద్దం దారాలకి ఆనకుండా పక్కల సన్నటి అట్టముక్కలు పెట్టాను. ఎండ నేరుగా పడితే రంగులు వెలుస్తాయి కాబట్టి కిటికీకి ఎదురుగా కాకుండా పక్కగోడకి తగిలించాను.