94, 320, 938

అమలాపురం, బుధవారం. తెల్లారిందగ్గర్నుంచీ ముసురు.

పొద్దుటంతా ఎదురింటి పిన్నిగారబ్బాయి గదిలోనే. ఇంటినుంచే ఉద్యోగం. నెట్ వైరు గుచ్చేది మానిటర్‌కి, అక్కణ్ణుంచి ల్యాప్‌టాప్‌కి ఒకే టైప్-సీ కేబుల్, బొమ్మా నెట్టూ రెండూ అందులోనే; మానిటరే డాక్. "వైఫై కన్నా వైరే స్లోగా ఉందన్నయ్యా" అంటాడు. ప్లాన్ 200 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) కాబట్టి స్పీడ్ టెస్ట్ అంతకు మించి చూపించదు. హాల్లో రూటర్‌కి ఇంకో ల్యాప్‌టాప్ గుచ్చి, రెంటి మధ్యా ఐపెర్ఫ్3 (రెండు మెషిన్ల మధ్య వేగం కొలిచే ప్రోగ్రాం) నడిపితే 94.

94 అంటే ముందు వైరునే పట్టుకోవాలి. సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ (వైరు రెండు చివర్లూ ఒప్పుకున్న వేగం) చూస్తే అనుకున్నట్టే 100. వైరు లోపల రంగుల తీగలు నాలుగు జతలు. 100కి నారింజ, ఆకుపచ్చ జతలు చాలు. గిగాబిట్‌కి, అంటే 1000కి, నాలుగు జతలూ ఉండాలి. నీలం, గోధుమల్లో ఒక్క తీగ పోయినా నెట్ ఆగదు, 100కి దిగుతుందంతే. అందుకే నెలల తరబడి ఎవరికీ అనుమానం రాదు.

జాక్ పీకి వెలుతురులో పెడితే ఏడో పిన్ను మీద, గోధుమ జతది, పచ్చగా చిలుం. చివర కోసి తీగ గీరాను: లోపలా ఎర్రగానే ఉంది, మంచి రాగే. తెల్లగా కనబడితే రాగి పూత పూసిన అల్యూమినియం, మొత్తం మార్చేయడమే మేలు. కొత్త జాక్‌కి తీగల వరుస: తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. మెలిక అరంగుళానికి మించి విప్పకుండా క్రింప్ చేశాక (జాక్‌ని నొక్కి బిగించాక) లింక్ 1000 చూపించింది.

ఐపెర్ఫ్ మాత్రం 320. లింకు వెయ్యి చూపిస్తూ మూడొందల చిల్లర వస్తే తప్పు వైరుది కాదు, టైప్-సీ కేబుల్లో నడుస్తున్న పాత యూఎస్‌బీ 2.0ది. దాని 480లో చేతికొచ్చేది అంతే. చార్జర్‌తో వచ్చే టైప్-సీ కేబుళ్లు చాలావాటికి ఇదే జబ్బు. ఇక్కడ కేబుల్ మానిటర్‌తో వచ్చినదే. మానిటర్ మెనూ తెరిస్తే యూఎస్‌బీ-సీ ప్రయారిటీ "హై రిజల్యూషన్" మీద ఉంది. టైప్-సీలో వేగం మోసే దారులు నాలుగు. 4కే, 60 హెర్ట్జ్ (సెకనుకి 60 సార్లు మారే) బొమ్మకి ఈ ల్యాప్‌టాప్ నాలుగూ ఇచ్చేస్తోంది, డేటాకి మిగిలింది పాత 2.0 తీగలే. "హై డేటా స్పీడ్" పెట్టగానే 938. గిగాబిట్‌కి అది నిండుదనమే.

కానీ తెర 30 హెర్ట్జ్‌కి పడి మౌస్ ఈడ్చుకుంటూ కదిలింది. బొమ్మకి విడిగా హెచ్‌డీఎంఐ కేబుల్ వేశాం, 60 తిరిగొచ్చింది.

చిలుం ఎక్కణ్ణుంచంటే, పెరటి కిటికీలోంచి వైరు తిన్నగా కిందికి దిగుతోంది, వాన నీరు దాని వెంటే జారి జాక్‌లోకి. బయట కిటికీ కంటే కిందికి ఒక వంపు వేలాడదీస్తే నీళ్లు అక్కడే కారిపోతాయి. వాన తెరిపిస్తే ఆ పని.