టీఎంఎస్‌తో నా కాలు కదిలిన తీరు

స్కాన్లన్నీ నార్మల్. కుడికాలు మాత్రం నా మాట వినడం మానేసింది. "ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు ఒక డాక్టరు. ఏమీ లేకపోతే నడవలేకపోవడం ఏమిటి?

తర్వాత కలిసిన న్యూరాలజిస్టు నన్ను పడుకోబెట్టి, కుడి మడమను మంచానికేసి నొక్కమన్నారు. నా వల్ల కాలేదు. ఎడమకాలు పైకెత్తమని, దాన్ని చేత్తో అదిమిపట్టారు. నేను ఎడమకాలితో పెనుగులాడుతుంటే కుడి మడమ దానంతటదే గట్టిగా కిందికి నొక్కింది! హూవర్ పరీక్ష అంటారట. నరాలు దెబ్బతినలేదు, మెదడు కాలిని నడిపించే తీరు తప్పింది, దీని పేరు ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ అన్నారు. "మీరు నటించడం లేదు" అని కూడా అన్నారు. నాకు కావాల్సింది ఆ మాటే.

ఫిజియోథెరపీతో పెద్దగా మార్పు రాకపోవడంతో టీఎంఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్) సంగతి ఎత్తారు. తల మీద తీగచుట్ట, అంటే కాయిల్, పెట్టి అయస్కాంత తరంగంతో మెదడును కదిలించడం అన్నమాట. డిప్రెషన్‌కి అమెరికాలో 2008లోనే అనుమతి వచ్చిన చికిత్స ఇది. నా జబ్బుకి ఇంకా పరిశోధన దశే. ఉత్తుత్తి కాయిల్ పెట్టినా కొందరికి గుణం కనిపిస్తుందని దాచకుండా చెప్పారు. ఇంట్లోవాళ్లు కరెంటు షాక్ అనుకుని హడలిపోయారు. అది వేరు, దానికి మత్తిచ్చి మూర్ఛ తెప్పిస్తారు. ఇందులో మెలకువగానే ఉంటాం, పనిచేసేది అయస్కాంత తరంగం. మూర్ఛలు ఉన్నాయా, తలలో లోహం, చెవిలో ఇంప్లాంట్, పేస్‌మేకర్ లాంటివి ఉన్నాయా అని గుచ్చిగుచ్చి అడిగాకే కుర్చీలో కూర్చోబెట్టారు.

చెవుల్లో ప్లగ్గులు పెట్టినా వడ్రంగిపిట్ట నెత్తిమీద పొడుస్తున్నట్టు టకటక. ముందు చేతి బొటనవేలు ఎగిరే మోతాదు చూశారు. తర్వాత కాయిల్‌ని నడినెత్తికి జరిపారు, కాలిని కదిలించే భాగం అక్కడ లోతుగా ఉంటుందట. టక్. నా కుడిపాదం ఎగిరింది. అన్నాళ్లూ చచ్చుబడిందనుకున్న పాదం! మెదడు నుంచి కాలిదాకా దారి తెరిచే ఉందని అప్పుడు నమ్మాను. నాకు పనిచేసింది తరంగమా, ఆ నమ్మకమా అని డాక్టర్నే అడిగాను. "రెండూ కావచ్చు" అని నవ్వేశారు.

తలనొప్పి, నెత్తిమీద మంట కొంత ఉండేవి. ప్రతి సెషన్ అవగానే ఫిజియో దగ్గరికి. అసలు చెమట పట్టింది అక్కడే.

ఇప్పుడు నడుస్తున్నాను. బాగా అలసిన రోజు కాలు ఈడుస్తుంది. అప్పుడు ఫిజియో నేర్పినట్టు గోడ పట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేస్తాను. ధ్యాస కాలి మీంచి మళ్లుతుంది, ఆ తర్వాత ముందుకి అడుగు పడుతుంది.