రోడ్డు తెరిచే ఉందిగా!

కెనడాలో, బ్రిటిష్ కొలంబియా (బీసీ) రాష్ట్రంలోని కామ్‌లూప్స్‌లో ఉంటాను. ఆసుపత్రుల్లో ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ మెషీన్లు రిపేరు చేయడం నా పని. మెషీన్లు నా దగ్గరికి రావు కాబట్టి నేనే వ్యాన్ వేసుకుని వాటి దగ్గరికి వెళ్లాలి. మెరిట్, లిలుయెట్, శామన్ ఆర్మ్, విలియమ్స్ లేక్ అంటూ ఒక్కో ఊరూ ఒక్కో లోయలో ఉంటుంది. ఇక్కడ మంచులో నడపడం కష్టమని మనవాళ్లంతా భయపెడతారు. నిజమే గానీ, చలికాలం టైర్లు వేయిస్తే సగం భయం పోతుంది. నాకు అసలు టెన్షన్ జూలై, ఆగస్టుల్లోనే. కార్చిచ్చుల కాలం అది.

మాది పిడుగురాళ్ల. సున్నపు బట్టీల పొగ, పల్నాడు ఎండ రెండూ చిన్నప్పటి నుంచీ అలవాటే. అయినా ఇక్కడి సంగతి వేరు. 2021 జూన్ 29న, మాకు రెండు గంటల దూరంలో ఉన్న లిట్టన్‌లో 49.6 డిగ్రీల ఎండ కాసింది. కెనడా చరిత్రలోనే అంత వేడి ఎప్పుడూ నమోదు కాలేదు. మర్నాడు సాయంత్రం ఆ ఊరే తగలబడిపోయింది. జనానికి బయటపడటానికి దొరికింది కొద్ది నిమిషాలే. ఇద్దరు చనిపోయారు. ఇక్కడి కొండల మీద పైన్ చెట్లను ఏళ్ల తరబడి పురుగు తినేసింది. అవి అలాగే ఎండి నిలబడి ఉన్నాయి. వాన పడకుండా ఒక్క పిడుగు పడితే చాలు.

కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడిగేది ఒకటే: మంట ఎక్కడుంది, ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది? నేను మాత్రం వెళ్లే ఊరికి దార్లు ఎన్ని ఉన్నాయో ముందు చూస్తాను. మన దగ్గర ఒక రోడ్డు మూస్తే పక్క ఊరి మీదుగా, డొంక దారినైనా పోతాం. ఇక్కడ లోయకు అటొక రోడ్డు, ఇటొక రోడ్డు, మధ్యలో నది. కొన్ని ఊళ్లకు అదీ లేదు. 2016 మే నెలలో పక్క రాష్ట్రం అల్బెర్టాలోని ఫోర్ట్ మెక్‌ముర్రే నుంచి ఎనభై వేల మందికి పైగా ఖాళీ చేయాల్సి వచ్చింది. దక్షిణానికి ఉన్న హైవే ఒక్కటే, 63. అటు పోలేక వేలమంది ఉత్తరాన ఆయిల్ కంపెనీల క్యాంపులకు పారిపోయారు. తర్వాత పోలీసులు యాభై యాభై వాహనాలుగా కట్టి, కాలిన ఊరి మధ్య నుంచే వాళ్లను కిందికి తీసుకొచ్చారు.

2023 ఆగస్టులో నాకూ ఈ దార్ల లెక్క పనికొచ్చింది. ఆ వారం గాలి మారుతుందని ముందే చెప్పారు. కోల్డ్ ఫ్రంట్, అంటే ముందుకు తోసుకొచ్చే చల్లగాలి అంచు, వస్తోందంటే మామూలు రోజుల్లో చల్లబడుతుందని సంతోషిస్తాం. మంటల కాలంలో మాత్రం దాని ముందు వచ్చే గాలికి భయపడాలి. శామన్ ఆర్మ్‌లో పని పడింది. మేనేజరుకు ఫోన్ చేసి పరిస్థితి ఇలా ఉందన్నాను. "రోడ్డు తెరిచే ఉందిగా!" అన్నాడు. ఉంది, నిజమే. శుక్రవారం వెళ్లేటప్పుడు తెరిచే ఉంది. ఆ రోజే ఆడమ్స్ సరస్సు దగ్గర రెండు మంటలు కలిసిపోయి, 12 గంటల లోపే దాదాపు 20 కిలోమీటర్లు పరిగెత్తాయి. షుస్వాప్ సరస్సు ఉత్తరపు ఒడ్డున ఇళ్లు వరసగా పోయాయి. చేజ్, సోరెంటోల మధ్య ఒకటో నంబరు హైవే మూసేశారు. అంటే దేశాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు కలిపే ట్రాన్స్-కెనడా రోడ్డే మూతపడింది.

ఆసుపత్రిలో నేను చూడాల్సింది అల్ట్రాసౌండ్ మెషీన్. వేడెక్కి దానంతటదే ఆగిపోతోంది. వెనక ఫిల్టరు లాగి చూస్తే బూడిద రంగు దుప్పటి ముక్కలా వచ్చింది. వేళ్లకు జిడ్డు, దాన్నిండా పొగ వాసన. కిటికీలన్నీ మూసి ఉన్న గదిలోకే అంత పొగ వచ్చిందంటే, బయట ఊపిరితిత్తుల్లోకి ఎంత పోతోందో నాకు వేరే చెప్పక్కర్లేదు. ఫిల్టరు కడిగి, ఫ్యాను శుభ్రం చేసి, మెషీన్ నడుస్తోందని చూపించి బయటికొచ్చేసరికి చీకటి పడింది. హోటళ్లన్నీ ఇళ్లు వదిలొచ్చినవాళ్లతో నిండిపోయాయి. ఆసుపత్రి పార్కింగ్‌లోనే, వ్యాన్‌లో పడుకున్నాను. వాళ్లను కాదని నాకు రూము ఇమ్మనే ముఖం నాకు లేదు. ఆ శనివారమే ప్రభుత్వం కూడా కెలౌనా, కామ్‌లూప్స్, వెర్నన్ లాంటి ఊళ్లలో అత్యవసరం లేని ప్రయాణికులకు గదులు ఇవ్వొద్దని ఆర్డరు వేసింది.

మర్నాడు ఎండర్బీ, ఆర్మ్‌స్ట్రాంగ్, ఫాక్‌లాండ్ మీదుగా చుట్టు తిరిగి వచ్చాను. బయల్దేరే ముందే చూసి పెట్టుకున్న దారి అది. అందులోనూ మాంటీ లేక్ దగ్గర 2021లో కాలిన చెట్లు నల్లగా నిలబడి ఉన్నాయి. అంటే రెండేళ్ల కిందట ఈ రెండో దారి కూడా తగలబడిందే. ఒకచోట జెండా పట్టుకున్న అమ్మాయి బండ్లన్నీ ఆపి, దారి చూపే పైలట్ కారు వెనక వదిలింది. మధ్యాహ్నం రెండు గంటలకు హెడ్‌లైట్లు వేసుకుని, ముందున్న ట్రక్కు ఎర్ర లైట్లు చూస్తూ నడిపాను. పొగలో హైబీమ్ వేయకూడదు. వెలుతురు తిరిగి మన కళ్లలోనే కొడుతుంది.

ఇంకో సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఈ రాష్ట్రంలో పని ప్రమాదకరమని సహేతుకంగా అనిపిస్తే, చేయనని చెప్పే హక్కు చట్టమే ఇచ్చింది. అలా చెప్పినప్పుడు సూపర్‌వైజరు వెంటనే విచారించాలి. అందుకు మనల్ని శిక్షించకూడదు. కాగితం మీద ఇదంతా బాగుంది. యజమాని పేరు అచ్చేసి ఉన్న క్లోజ్డ్ వర్క్ పర్మిట్ చేతిలో ఉన్నవాడికి నోరు పెగలడమే కష్టం. పి.ఆర్. (శాశ్వత నివాస హక్కు) వచ్చాక నా గొంతు కాస్త పెరిగింది. ఇప్పుడు "రాను" అనను. "ఈ రెండు దార్లలో ఒకటి మూశారు, రెండోదాని పక్క ఊళ్లకు ఎవాక్యుయేషన్ అలర్ట్ ఉంది, గాలి తగ్గాక వెళ్తాను" అని మెయిల్ పెడతాను. లిఖితపూర్వకంగా కనిపిస్తే ఎంత మొండి మేనేజరైనా ఒకసారి ఆలోచిస్తాడు.

అలర్ట్ అంటే సామాను సర్దుకుని సిద్ధంగా ఉండమని. ఆర్డర్ అంటే ఆ నిమిషమే కదలమని. అలర్ట్ ఉన్న ఊరు గుండా పోవాల్సి వస్తే ఆగకుండా దాటేస్తాను, రాత్రికి అక్కడ మకాం పెట్టను. పొద్దున మూడు చోట్ల చూస్తాను: రోడ్ల కోసం డ్రైవ్‌బీసీ, మంటల కోసం బీసీ వైల్డ్‌ఫైర్ సర్వీస్ మ్యాప్, గాలి కోసం వాతావరణ సూచన. మ్యాప్‌లో మంట చుట్టూ గీసిన గీత నిన్నటిది కావచ్చు. దాన్ని నమ్మి పక్క నుంచి పోవచ్చులే అనుకోకూడదు. పనులు పొద్దున్నే పెట్టుకుంటాను. ఎండ ముదిరి గాలి లేచేది మధ్యాహ్నమే.

వ్యాన్‌లో సగం ట్యాంకు తగ్గకుండా చూసుకుంటాను. కరెంటు పోతే పెట్రోలు పంపులూ పనిచేయవు, కార్డు మెషీన్లూ పనిచేయవు. అందుకే కాస్త నగదు కూడా ఉంచుతాను. నీళ్లు, ఎన్95 మాస్కులు, దుప్పటి, కాగితం మ్యాప్ ఎప్పుడూ ఉంటాయి. కొండల మధ్య గంటసేపు సిగ్నల్ రాని చోట్లు బోలెడు. బయటి గాలి లోపలికి రాకుండా ఏసీ రీసర్క్యులేషన్‌లో పెడతాను, కానీ గంటల తరబడి అలాగే ఉంచితే మత్తుగా నిద్ర ముంచుకొస్తుంది. పొగ పలచబడ్డ చోట కాసేపు తీయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఫోటో కోసమని ఎండు గడ్డి మీద బండి ఆపకూడదు. కింద కాలుతున్న సైలెన్సరు చాలు, ఇంకో మంట మొదలవడానికి. పాస్‌పోర్టు, పర్మిట్ కాగితాలు ఆగస్టు నెలంతా ఒకే సంచిలో తలుపు పక్కన వేలాడుతుంటాయి. ఇల్లు పోతే ఇన్సూరెన్స్ వాడు చూసుకుంటాడు. పాస్‌పోర్టు పోతే కాన్సులేట్ చుట్టూ మనమే తిరగాలి.

ఇవన్నీ ఎక్కువగా మా బావకు చెప్పడానికే పనికొస్తున్నాయి. అక్కావాళ్లు అల్బెర్టాలోని కాల్గరీలో ఉంటారు. బావ అమ్మానాన్నలు ఏటా వేసవిలో వస్తారు. వచ్చినవాళ్లకు కొండలు చూపించాలని అందరికీ ఉంటుంది. 2024 జూలైలో అక్కడి జాస్పర్ నేషనల్ పార్కుకు వెళ్దామని బయల్దేరబోతూ ఫోన్ చేశాడు.

"బావమరిదీ, మీ వైపు పొగ ఎలా ఉంది?"

"మా వైపు సంగతి తర్వాత బావా. మీరు వెళ్లే రోడ్డు మూస్తే అత్తయ్యనూ మావయ్యనూ ఎటు తీసుకెళ్తావు?"

అత్తయ్యకు ఆయాసం ఉంది. ఇన్‌హేలరు లేకుండా గుమ్మం దాటదు. బావ గొణిగాడు గానీ ఆగాడు. జూలై 22 రాత్రి జాస్పర్ ఊరూ పార్కూ ఖాళీ చేయమన్నారు. దాదాపు 25 వేల మంది. తూర్పున హింటన్ వైపు, దక్షిణాన బాన్ఫ్ వైపు రెండు రోడ్లనూ మంటలే అడ్డుకున్నాయి. మిగిలింది పడమర దారి, మా రాష్ట్రం వైపు. ఆ పొగలో జనం వేల్‌మౌంట్ దాకా బారులు తీరి వచ్చారు. అల్బెర్టావాళ్లు మళ్లీ మా కొండలన్నీ చుట్టుకుని కాల్గరీ చేరాల్సి వచ్చింది. ఇంకో రెండు రోజులకు మంట ఊళ్లోకి వచ్చి, మూడోవంతు కట్టడాలు కాలిపోయాయి.

ఇన్సూరెన్స్ సంగతి కూడా బావకు అప్పుడే చెప్పాను. మంట మొదలై వార్తల్లోకి వచ్చాక కొన్న ట్రిప్ పాలసీ సాధారణంగా ఆ మంటకు పనికిరాదు. టికెట్లతో పాటే కొనాలి, హోటలు డబ్బు వెనక్కిచ్చేదే బుక్ చేయాలి.

ఇప్పుడు బావ అమ్మానాన్నల టికెట్లు మే మొదట్లోకి చూస్తున్నాడు. అల్బెర్టాలో మే నెలలోనూ పెద్ద మంటలు లేస్తాయి గానీ, ఆగస్టు కంటే నయమేమోనని బావ ఆశ. చిక్కల్లా అత్తయ్యతోనే. కాయలు కోతకొచ్చే నెలలో ఆవకాయ పెట్టకుండా విమానం ఎలా ఎక్కుతానని కూర్చుంది.