గడ్డ అనుకున్నది

అమ్మ పక్క గదిలో నిద్రపోతోంది. పదకొండు రోజులుగా సరిగ్గా పడుకోలేదు. మర్చిపోకముందే ఈ రోజు సంగతి రాసుకోవాలి.

పొత్తికడుపు బరువుగా ఉంది, ఒంటేలుకి వెళ్తే మంట అంటే మొదట దగ్గర్లోనే ఒక చోట స్కానింగ్ చేయించాం. పొత్తికడుపు వరకే చూశారు. ఎడమ అండాశయం దగ్గర తొమ్మిది సెంటీమీటర్ల గడ్డ, క్యాన్సర్ అనుమానం అని రాసి ఆపరేషన్‌కి తేదీ కూడా ఇచ్చేశారు. అమ్మకి 67. ముట్లుడిగాక కనిపించే గడ్డని తేలిగ్గా తీసుకోకూడదు, అది నిజమే. అండాశయ క్యాన్సర్ అనుమానం ఉంటే చేసే సీఏ 125 అనే రక్త పరీక్షలో 22 వచ్చింది. 35 లోపు నార్మల్ అంటారు కానీ, నార్మల్‌గా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేదని చెప్పలేమన్నారు. మళ్లీ టెన్షన్.

ఈ రోజు పొద్దున్నే మహారాణిపేటలో ఇంకో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. పెద్దావిడ. రిపోర్టు చదివి పక్కన పెట్టి, తనే స్కాన్ చేశారు. పొత్తికడుపు మీద కాసేపు చూశాక, ఏమీ మాట్లాడకుండా ప్రోబ్‌ని ఎడమ డొక్క వైపు జరిపారు. అమ్మని పక్కకి తిరగమని మళ్లీ చూశారు.

"అమ్మా, మీ ఎడమ కిడ్నీ ఉండాల్సిన చోట లేదు."

నాకు కాళ్లు వణికాయి. ఆవిడ ప్రోబ్‌ని మళ్లీ కిందికి తెచ్చారు. "ఇదిగో, ఇక్కడుంది."

పిండంగా ఉన్నప్పుడు కిడ్నీలు కింద, కటి దగ్గరే మొదలై మెల్లగా పైకి ఎక్కుతాయట. అమ్మది ఎక్కకుండా అక్కడే ఆగిపోయింది. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసుకుని, మందు ఎక్కించి సీటీ స్కాన్ తీయించారు. ఆ మందు రెండు కిడ్నీల్లోనూ చక్కగా నిండింది. అండాశయాలు రెండూ వయసుకి తగ్గట్టు చిన్నవైపోయి, విడిగా కనిపించాయి. బరువుకీ మంటకీ కారణం యూరిన్ ఇన్ఫెక్షన్. వారానికి మాత్రలు రాశారు.

కొందరికి ఉన్న ఒక్క కిడ్నీ కూడా అక్కడే ఉంటుందని ఆవిడ చెప్పినప్పుడు, ఆ ఆపరేషన్ తేదీ గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. ప్రోబ్‌ని ఒక్క జానెడు పైకి జరపడానికి ఎంతసేపు పడుతుంది?

ఆటోలో అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. జగదాంబ దాటాక అడిగింది: "అయితే నువ్వు కడుపులో ఉన్నప్పుడు కూడా అది అక్కడే ఉందేటే?"

"అక్కడే ఉందమ్మా."

"ఇద్దరూ ఇరుక్కునే ఉన్నారన్నమాట," అంది పొట్ట మీద చెయ్యేసుకుని.

ఇక ముందు ఎవరు ఆపరేషన్ చేసినా ముందే తెలియాలని మేడమ్ గట్టిగా చెప్పారు. ఎడమ కిడ్నీ కటిలో ఉంది అని పెద్ద అక్షరాలతో రాసి, అమ్మ ఆధార్ కార్డు కవర్లో పెట్టాను.